క్రొత్త యూహ యెచ్చట పుట్టును?

ధనుర్మాసము వచ్చినదనగానే మా వీధి వాకిళ్ళకు కళ వచ్చును. ఆ వీధిలో పండ్రెండేండ్ల బాలిక యొకతె కలదు. నెల పొడవునను ఆమె ప్రతి యుదయమును ఒక క్రొత్త ముగ్గు పెట్టెడిది. నిన్న పెట్టినది నేడు పెట్టెడిది కాదు. ఎచ్చటనైన చుక్క తప్పినచో దానిని చెరుపక, ఆ తప్పిన చోటనే యొక తీగ నల్లి చూపఱకు వింత గొలిపెడిది. సంక్రాంతి సమీపింపగా వీధివారందఱును కలిసి ముగ్గుల పోటీ యేర్పఱచిరి. తీర్పు చెప్పువారిలో మేమును నొకరము. ఆనాడా బాలిక పెట్టినదేమి? గడచిన యేడు మొదటి బహుమతి పొందిన నెమలిముగ్గునే గీత తప్పకుండ దించి పెట్టెను. “నీ ముగ్గు పెట్టలేదేమమ్మా?” యని మేమడుగగా, “అది మీకు నచ్చకపోతేనో, పిన్నిగారూ?” అని తల వంచుకొనెను.

ఆ మాట మమ్ము చాలదినములు వెన్నాడినది. బహుమతి పెట్టి మేమామెను ప్రోత్సహించితిమా, లేక ఉన్న యూహను అణచివేసితిమా? ఈ ప్రశ్ననే మనస్తత్వశాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దములుగా శోధించుచున్నారు. వారు కనుగొనిన విషయములు బిడ్డలను పెంచు తల్లులకును, కార్యాలయములలో పనిచేయు సోదరీమణులకును ఉపయోగపడునని తోచి వానిని సంగ్రహముగ నిచ్చట వ్రాయుచున్నాము.

సృజనశక్తి యనగా క్రొత్తదియును, పనికివచ్చునదియు నగు దానిని కల్పించు నేర్పు అని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ రెండు గుణములును కలిసి యుండవలెను. పప్పులో ఉప్పునకు మాఱు పంచదార వేయుట క్రొత్తయే కాని విస్తరి యొద్ద నెవ్వరును మెచ్చరు. ఇంట బియ్యము నిండుకొన్ననాడు ఉన్న నూకలతోను, పెరటి ఆకుతోను పదిమందికి రుచియగు భోజనము కూర్చిన యిల్లాలు మాత్రము సృజనశక్తి గలదియే. అయితే ఈ శక్తిని వంటింట వెదకవలెనని పండితులకు తోచుటకు చాలకాలము పట్టినది.

మొదట వారు దీనిని మహాపురుషుల వంశములలో వెదకిరి. 1869లో ఇంగ్లండుదేశీయుడగు ఫ్రాన్సిస్ గాల్టన్ న్యాయాధిపతులు, సేనానులు, కవులు, శాస్త్రజ్ఞులు మున్నగు ప్రసిద్ధుల కుటుంబములను పరిశీలించి, ప్రతిభ రక్తముతో సంక్రమించునని యొక గ్రంథము వ్రాసెను. ప్రసిద్ధుల బంధువులలో ప్రసిద్ధులు మెండుగ నుండుట నిజమే. అయితే ఆ యిండ్లలో ధనమును, చదువును, పెద్దల పలుకుబడియు గూడ నుండెను. ఎవరి చేతికి కలము నిచ్చిరి, ఎవరి చేతికి గరిటె నిచ్చిరి యను ప్రశ్నకు ఆ లెక్కలలో చోటు చాలలేదు. కావ్యము పుట్టుటకు సహజప్రతిభయేకాక వ్యుత్పత్తియును, అభ్యాసమును కావలెనని మన ఆలంకారికులు ఎన్నడో చెప్పియుండిరి. ఆ మాట యీ సందర్భమున స్మరింపదగినది.

తరువాత కొందఱు, ఊహ ఎవరికి కలుగునని గాక ఎట్లు కలుగునని విచారించిరి. ఫ్రెంచి గణితశాస్త్రజ్ఞుడగు పొయంకారే 1908లో తన యనుభవము నొకదానిని చెప్పెను. ఒక గణితవిషయముతో బహుదినములు పెనగులాడి, దానిని మఱచి ప్రయాణమై పోవుచు, కూటాన్స్ అను పట్టణమున బండి మెట్టుపై కాలు మోపినంతనే దాని కీలకము మనస్సున మెఱసెనట. ఇట్టి యనుభవములను పరిశీలించి గ్రాహం వాలస్ అను నాంగ్లేయుడు 1926లో క్రొత్త యూహకు నాలుగు దశలు కలవని వ్రాసెను. విషయమును శ్రమపడి తెలిసికొనుట మొదటిది. దానిని మనస్సు లోపల పొదుగనిచ్చుట రెండవది. హఠాత్తుగ స్ఫురించుట మూడవది. స్ఫురించినది సరియో కాదో పరీక్షించుట నాలుగవది. మన గృహిణులకిది వింత కాదు. పప్పును నానవేసి, రుబ్బి, రాత్రియంతయు కదల్పక విడిచినగాని పిండి పులియదు. పదేపదే మూత తీసి చూచినందున అది త్వరపడదు.

ఇంత జరిగినను ఈ విషయము శాస్త్రములో నొక మూలనే పడియుండెను. 1950లో అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘమునకు అధ్యక్షుడుగ నుండిన గిల్‌ఫర్డ్ తన యుపన్యాసములో ఒక లెక్క చెప్పెను. అంతకు ముందటి 23 సంవత్సరముల శాస్త్రరచనల పట్టికలో సుమారు 1,21,000 శీర్షికలు కలవు. వానిలో సృజనశక్తికి సంబంధించినవి 186 మాత్రమే! బుద్ధి పరీక్షలన్నియు ఒకే సరియైన జవాబును కోరుచుండగా, సృజనశక్తికి అనేక జవాబులను వెదకు బుద్ధి కావలెనని యాయన వాదించెను. ఒక యిటుకతో నెన్ని పనులు చేయవచ్చునో చెప్పుమని యడుగు పరీక్షలు ఆ మార్గమున పుట్టినవే. గోడ కట్టుటయని యొక్కటే చెప్పువారును కలరు. తలుపునకు అడ్డము పెట్టుట, నూఱి ముగ్గులోనికి ఎఱ్ఱరంగు చేయుట మొదలుగ పది చెప్పువారును కలరు. 1957లో రష్యావారు ఆకాశమునకు కృత్రిమోపగ్రహమును పంపగా, అమెరికావారికి తాము వెనుకబడితిమేమోయను భయము కలిగి యీ పరిశోధనల కాదరణ హెచ్చెను. టారెన్స్ అను విద్వాంసుడు బాలబాలికలకై యిట్టి పరీక్షలను సిద్ధపఱచి 1966లో ప్రకటించెను. అమెరికాలోని పిల్లలు నాలుగవ తరగతి ప్రాంతమున ఈ పరీక్షలలో వెనుకకు జాఱుచున్నారని యాయన గమనించెను. తోటివారివలె నుండవలెనను ఒత్తిడి ఆ ప్రాయమున మొదలగుటయే దీనికి కారణమై యుండునని తలచెను.

ఆ కాలముననే కాలిఫోర్నియాలోని బర్క్లీ పట్టణమునందు మాకినన్ అను నాచార్యుని యాజమాన్యమున, మిక్కిలి సృజనశక్తి గలవారిని కొన్ని దినములు తమ యొద్ద నుంచుకొని పరీక్షించు సంస్థ యొకటి పనిచేయుచుండెను. అచ్చటికి పిలువబడిన 40 మంది ప్రముఖ వాస్తుశిల్పులును పురుషులే. ఆ సంస్థలో చేరిన రావెన్నా హెల్సన్ అను విదుషీమణి మాత్రము స్త్రీలను గూర్చి పరిశోధింప బూనెను. 1958, 1960 సంవత్సరములలో మిల్స్ కళాశాలలో చదువు ముగించుచుండిన సుమారు 140 మంది యువతులను ఆమె పరీక్షించి, అటుపిమ్మట అర్ధశతాబ్దమునకు పైగా వారి జీవితములను అనుసరించి చూచెను. వారు పెండ్లియాడిరి, బిడ్డలను పెంచిరి. కొందఱు నడివయస్సున మరల చదివి యుద్యోగములలో ప్రవేశించిరి. 21వ యేట గమనించిన స్వభావలక్షణములు కొన్ని, 52వ యేట వారు తమ వృత్తులలో చూపిన సృజనశక్తిని ముందే సూచించినవని 1995లో ఆమెయు, సహచరులును ప్రకటించిరి. ముప్పది యేండ్ల సంసారము గడచినను నివుఱు క్రింద నిప్పు మిగిలియే యుండుట గమనింపదగిన విషయము.

స్వభావము ఒకటియే చాలునా? నిప్పునకు గాలి కావలదా? ఇచ్చట పరిశోధనలు గొప్ప మలుపు తిరిగినవి. ఎవరు సృజనశక్తి గలవారని యడుగుట కొంత తగ్గి, ఎట్టి పరిస్థితులలో ఎవరికైనను అది వికసించును, ఎట్టి పరిస్థితులలో వాడిపోవును అను ప్రశ్న ముందునకు వచ్చినది.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అను మువ్వురు ఒక శిశుపాఠశాలలో రంగుకలములతో బొమ్మలు వేయుట యందిష్టము గల పసివారిని ఎన్నుకొనిరి. కొందఱికి, “బొమ్మ వేసినచో నీకు బంగారు చుక్క గల పత్రమిత్తుము” అని ముందే చెప్పి యిచ్చిరి. కొందఱికి చెప్పకయే, బొమ్మ వేసిన పిదప నిచ్చిరి. కొందఱికేమియు నీయలేదు. ఒకటి రెండు వారములైన పిమ్మట ఆ కలములను మరల ముందుంచి, ఎవ్వరును అడుగకుండ వారెంతసేపు బొమ్మలు వేసికొందురో చూచిరి. బహుమతికి ఆశపడి వేసినవారు తక్కినవారిలో సగము కాలమైనను సరిగా వేయలేదు. ఆటయై యుండినది వారికి కూలిపనియైపోయినది!

థెరిసా అమబైల్ అను శాస్త్రజ్ఞురాలు ఈ త్రోవనే మఱి కొంత దూరము నడచెను. ఆమె విద్యార్థినులకు రంగుకాగితపు ముక్కలనిచ్చి చిత్రము కూర్పుమని చెప్పి, కొందఱికి మాత్రము, “మీ చిత్రమును చిత్రకారులు పరీక్షింతురు” అని తెలిపెను. ఎట్లు చేయవలెనో వివరముగ చెప్పనిచోట, పరీక్ష యున్నదని విన్నవారి చిత్రములలో క్రొత్తదనము తక్కువగ కనబడినది. ఇది 1979లో ప్రకటితమైనది. మఱియొక ప్రయోగము మా ముగ్గుల పోటీని చూచి చేసినట్లేయున్నది. ఏడు మొదలు పదునొకండేండ్ల వఱకు గల బాలికలను వేడుకకు పిలిచి కాగితపు చిత్రములు చేయించిరి. ఒకనాటి వేడుకలో మంచి చిత్రములకు బహుమతులన్నారు. మఱియొకనాటి వేడుకలో అవే బహుమతులను చీటీలు తీసి పంచెదమన్నారు. ఏ చిత్రమెవరిదో తెలియని చిత్రకారులు అన్నిటిని చూచి, చీటీలనాటి బాలికల చిత్రములలోనే సృజనశక్తి హెచ్చని తీర్పు చెప్పిరి. 1982లో ఈ ఫలితము వెలువడెను. 1985లో ప్రకటించిన పరిశోధనలో, రచనాభిలాషగల 72 మంది చేత పద్యములు వ్రాయించిరి. కొందఱు రెండవ పద్యము వ్రాయుటకు ముందు, కీర్తి, ధనము మొదలగు ఫలములకై వ్రాయుటను గూర్చి కొన్ని నిమిషములు మాత్రము ఆలోచించిరి. వారి రెండవ పద్యము పలుచబడెను. కొన్ని నిమిషముల తలపే ఇంత చేయగా, ఏండ్ల తరబడి, “మార్కులెన్ని? ర్యాంకెంత?” అని వినుచు పెరుగు బిడ్డల సంగతి యేమనవలెను?

అయితే బహుమతులన్నియు విషమని మేము చెప్పుట లేదు. బహుమతి హాని చేయదని, సరిగ నిచ్చినచో మేలు కూడ చేయునని వాదించిన పండితులును కలరు. అమబైల్ కూడ పిదప తన మాటను కొంత సవరించెను. పని పూర్తియైన పిదప అనుకొనకుండ నిచ్చినదియు, ‘నీ నేర్పును గుర్తించితిమి’ అని తెలుపునదియు హాని చేయదు. ఎరవలె ముందు వ్రేలాడదీసినదియే చెఱుపు చేయును. ఆమెయు, హెన్నెసీ మొదలగువారును 1989లో ప్రకటించిన ప్రయోగము తల్లులు మఱవరానిది. పనిలో మాకేది యిష్టమో, బహుమతులను ఎట్లు తలచవలెనో పెద్దవారితో ముచ్చటించుచున్న పిల్లల చలనచిత్రములను కొందఱు బాలబాలికలకు చూపి, వారితోను ఆ విషయమే మాటలాడిరి. ఆ పిల్లలకు బహుమతి ఆశ చూపినను సృజనశక్తి తగ్గలేదు. మనసు విప్పి మాటలాడుట మశూచికి టీకావలె పనిచేసినదన్నమాట.

ఇక కార్యాలయముల సంగతి. అమెరికాలో ప్రకటనల వ్యాపారమున పేరు పొందిన ఆస్బార్న్, పదిమంది కూడి, ఎవరిని ఎవరును విమర్శింపక, తోచినదెల్ల బయట పెట్టినచో ఊహలు వెల్లువగ వచ్చునని బోధించెను. 1953లో ఆయన గ్రంథము వెలువడిన పిదప ఆ పద్ధతి లోకమెల్ల వ్యాపించెను. 1958లో యేల్ విశ్వవిద్యాలయమువారు దానిని పరీక్షించిరి. కూడి మాటలాడిన నలుగురికన్న, వేఱువేఱుగ కూర్చుండి యోచించిన నలుగురి యూహలు చేర్చి లెక్కింపగా ఇంచుమించు రెట్టింపైనవి. 1987లో జర్మనీలోని డీల్, స్ట్రోబె అను నిరువురు దీనికి ప్రధానకారణమును పట్టుకొనిరి. ఒకరు మాటలాడునప్పుడు తక్కినవారు వేచియుండవలెను. ఆ వేచియుండుటలోనే తమ యూహ జాఱిపోవును. విమర్శ వలదను మాట మంచిదే కాని, ముందు ఎవరి కాగితముపై వారు వ్రాసికొనుట మఱియు మేలు.

భయము చేయు చెఱుపు మఱియొకటి. ఏమీ ఎడ్మండ్‌సన్ అను శాస్త్రజ్ఞురాలు ఆసుపత్రులలో మందులిచ్చుటలో జరుగు పొరపాట్లను పరిశీలింపగా, మంచి నాయకత్వము గల వార్డులలోనే పొరపాట్లు హెచ్చుగ లెక్కకు వచ్చినవి. ఇదేమి విపరీతమని లోతుగ చూడగా, అచ్చటివారు పొరపాట్లను దాచక చెప్పుచుండిరని తేలెను. 1996లో ఆమె దీనిని ప్రకటించెను. 1999లో ఒక కర్మాగారపు సంస్థలోని 51 బృందములను పరిశీలించి, నోరు విప్పినందున అవమానము కలుగదను నమ్మకమున్న బృందములే చక్కగ నేర్చుకొనునని చూపెను. కోడలు, “అత్తయ్యగారూ, పులుసు మాడినది” అని వెంటనే చెప్పగల యింట రెండవ గిన్నె మాడదు. చెప్పుటకు భయపడు నింట మాడిన వాసనను దాచుటకే బుద్ధియంతయు వ్యయమగును. క్రొత్త పులుసు మాట యెవరికి తోచును?

అమబైల్ తన సహచరులతో ఏడు సంస్థలలోని 238 మంది యుద్యోగులచే ప్రతిదినమును దినచర్య వ్రాయించి, అట్టి దినచర్యల వ్రాతలను సుమారు 12,000 పరిశీలించెను. 2011లో గ్రంథరూపమున వెలువడిన ఆ పరిశోధనమున తేలినదేమి? జీతపు పెంపును, పొగడ్తను మించి, తాము విలువయిచ్చు పనిలో నొక చిన్న యడుగు ముందునకు పడుటయే వారికి మిక్కిలి యుత్సాహము నిచ్చెను. మనసు తేటగ నున్ననాడే వారికి క్రొత్త యూహలు తోచెను. తొందర మితిమీఱిననాడు తాము చాల యూహించితిమని వారు తలచినను, నిజముగ ఊహలు తగ్గినవి. తెల్లవాఱక మునుపే లేచి రాత్రి పది దాక పరుగులెత్తు మన యిల్లాండ్రకు “కొత్తగా ఏమీ తోచదు” అనుటలో వారి తప్పేమియు లేదు.

మఱియొక సంగతిని చెప్పకుండ విడువజాలము. స్త్రీపురుషులకు సృజనశక్తి పరీక్షలు జరిపిన పరిశోధనల నెల్ల బేయర్, కౌఫ్మన్ అనువారు 2008లో సమీక్షించి, మొత్తముమీద చెప్పుకొనదగిన భేదమేమియు లేదని తేల్చిరి. కాని 2015లో డ్యూక్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఒకే గృహనిర్మాణపు చిత్రములను కొందఱికి పురుషుని పేరుతోను, కొందఱికి స్త్రీ పేరుతోను చూపగా, పురుషుని పేరుతో చూచినవారికి అందు సృజనశక్తి హెచ్చుగ కనబడెను! చేతిలో భేదము లేదు, చూచు కంటిలోనే యున్నది. కార్యాలయమున మీ యూహను మఱియొకరు తమదిగ చెప్పుకొన్నప్పుడును, ఇంట మీరు చెప్పినదానినే మగవారు మఱల చెప్పగా అందఱును తలయూపినప్పుడును ఈ విషయమును స్మరింపుడు. కూతుండ్ర యూహలను మనమును ఆ కంటితోనే చూచుచున్నామేమో పరీక్షించుకొందము.

నేటి కాలమున మఱియొక ప్రశ్న బయలుదేరినది. అడిగినంతనే కథలల్లు యంత్రములు వచ్చినవి గదా, మనకిక ఊహయేలయని కొందఱందురు. 2024లో ప్రకటించిన యొక పరిశోధనలో, కృత్రిమమేధ సాయము పొంది వ్రాసినవారి చిన్నకథలు, ముఖ్యముగ తక్కువ యూహ గలవారివి, మెఱుగుగ నున్నవని చదివినవారు చెప్పిరి. కాని ఆ కథలన్నియు ఒకదాని నొకటి పోలియుండెను. నెమలిముగ్గు సుందరమే కావచ్చును. వీధిలోని ప్రతి వాకిట అదే నెమలి యున్నచో చూచు కంటి కేమి మిగులును?

ఈ పరిశోధనలన్నిటిని కలిపి చూడగా మాకు తోచిన సారమిది. క్రొత్త యూహ ఏ కొందఱి సొత్తో కాదు. తప్పు చేసినను నవ్వని చోటను, పనియందిష్టము నిలిచిన చోటను, కొంత తీరిక గల చోటను అది పుట్టును. అట్టి చోటును కల్పించుట చాలవఱకు మన చేతిలోనిదే. బిడ్డ బొమ్మ వేయుచుండగా వెనుక నిలిచి తప్పులెన్నవలదు. ముగించిన పిదప, “బాగున్నదా, లేదా” అను తీర్పునకు మాఱు, “నీకిది ఎట్లు తోచినదమ్మా?” యని యడుగుడు. బహుమతి నీయదలచినచో ముందు చెప్పక యిండు. మహిళామండలిలో ఏ విషయమైనను నిర్ణయింపవలసినప్పుడు ముందు అందఱును చీటీలపై వ్రాసి, పేర్లు లేకుండ చదివింపుడు. ఎన్నడును నోరు విప్పని సోదరి ఊహ అప్పుడు బయటికి వచ్చును. దినమునకు అరగంటయైనను ఎవ్వరును పిలువని కాలమును మీకై నిలుపుకొనుడు. అది సోమరితనము కాదు, పిండి పులియు కాలము.

మా వీధివారితో మేమొక మాట చెప్పితిమి. వచ్చు సంక్రాంతికి తీర్పరులు వలదు. ముగ్గు పెట్టిన వారందఱి పేర్లును చీటీలపై వ్రాసి, ఒక పసిబిడ్డచే తీయించి, ఎవరి పేరు వచ్చిన వారికి బహుమతి యిత్తమంటిమి. పోటీ లేనిచో ఎవరు ముగ్గులు పెట్టుదురని కొందఱడిగిరి. నెలనాళ్ళు ఏ బహుమతియు లేకయే పెట్టుచుండిరి గదా యని బదులు చెప్పితిమి. ఆ బాలిక ఈసారి తన ముగ్గునే పెట్టునని మా యాశ. మా సోదరీమణులును తమ తమ వాకిళ్ళలో నిట్టి చోటు కొంత విడిచి చూతురుగాక.